డాక్టరమ్మ కట్టిన అమెరికా శిస్తు

ఆ రోజుల్లో మా చిత్తూరులో టైపు నేర్చిన ఆడపిల్ల నడిచి వెళ్తుంటే అంగళ్ళలో బేరాలు ఒక్క నిమిషం ఆగేవి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పరీక్షలో పేజీ మొత్తం ఒక్క దిద్దుబాటు లేకుండా కొట్టి పాసైనదాన్ని కాబట్టి, ఆ చూపులన్నీ నాకు న్యాయంగా రావలసినవేనని తల పైకెత్తి నడిచేదాన్ని. (అలా నడుస్తూనే ఓసారి కచేరి వీధి మలుపులో మురిక్కాలువలో కాలు పెట్టాను. చెప్పు దొరకలేదు.) ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టాలనిపిస్తుంది. పెట్టినా వినే రకం కాదు.

నా మొదటి ఉద్యోగం ఒక అమెరికా డాక్టరమ్మ దగ్గర. నలభై ఏళ్ళు మా జిల్లాలో కాన్పులు చేసి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు పని చాలించుకున్నారు. తోటి దొరలంతా ఇక ఓడెక్కి సొంత ఊరికి వెళ్ళమన్నారట. ఆడ నాకెవురుండారు, ఈడ నా సేతిమీద పుట్టినోళ్ళు ఈదికి పదిమంది ఉండారు అని, చిత్తూరులోనే చిన్న పెంకుటిల్లు అద్దెకు తీసుకుని ఉండిపోయారు. తెలుగు ఆమె నోట మా నోటికంటే చిత్తూరుగా ఉండేది. పింఛను మాత్రం అమెరికా నుంచి వచ్చేది. దానికి తోక లాగా ప్రతి ఏడూ ఒక పన్ను కాగితం కూడా వచ్చేది. కళ్ళు కనబడినన్నాళ్ళూ తానే నింపుకున్నారు. కళ్ళలో పొరలు కమ్మాక చదివిపెట్టడానికీ టైపు కొట్టడానికీ నన్ను పెట్టుకున్నారు.

ఈ పన్ను సంగతి మా నాయనకు మొదటినుంచీ మింగుడుపడలేదు. ఆయనది బంగారుపాళ్యం దగ్గర మామిడితోట. కాయల గంప నెత్తిన పెట్టుకుని నన్ను చూడటానికి వచ్చిన రోజున, నేను ముందేసుకున్న కాగితం ఏమిటో తెలుసుకుని, గంప దించి అక్కడే కూర్చున్నారు.

"నా తోట బంగారుపాళ్యంలో ఉండాది, శిస్తు బంగారుపాళ్యంలో కడతాను. మీకు ఆడ సెంటు నేల లేదే. ఈడ తిని ఈడ ఉండే మడిసి ఆడ శిస్తు ఎందుకు కట్టాల దొరసానమ్మా?"

"మీ శిస్తు భూమి మీద పెద్దాయనా," అన్నారు డాక్టరమ్మ. "మాది మడిసి మీద. ఆ దేశపు మడిసినని ఒకసారి రాసుకున్నాక, నేను యాడికి పోయినా అది నా ఎంబడే వస్తాది."

నాయన చాలాసేపు ఆలోచించి, అది గట్టి సర్కారేనని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే గానీ, బస్సెక్కేదాకా "నేల లేకుండా శిస్తు" అని గొణుక్కుంటూనే ఉన్నారు.

ఆ ఏడే డాక్టరమ్మకు పాస్‌పోర్టు కూడా కొత్తది రావాలి. పన్ను కాగితంలో తప్పు దొర్లితే పాస్‌పోర్టు ఇవ్వరనీ, ఓడెక్కించి తీసుకుపోతారనీ వంటమామ చెప్పాడు. వంటమామ అంటే ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా వండుతున్న మనిషి. ఆయనకు ఎవరు చెప్పారో మాకు తెలియదు, కానీ ఇంటిల్లిపాదీ నమ్మాం. అంటే డాక్టరమ్మ చిత్తూరులో ఉంటారా పోతారా అన్నది నా పది వేళ్ళలో ఉందన్నమాట. నాకు భయం వెయ్యలేదు. పైగా, సరైన మనిషికే ఇచ్చారు పని అనుకున్నాను.

కాగితంతో పాటు వచ్చిన సూచనల పుస్తకం నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మధ్యలో నాలుగు పేజీలు మరీ సన్న అక్షరాల్లో ఉన్నాయి. అవసరమైన సంగతైతే పెద్ద అక్షరాల్లోనే వేసేవాళ్ళు కదా అని వాటిని తిప్పేశాను. ఒక ప్రశ్న మాత్రం నా మనసుకు నచ్చింది. మీ సంపాదన మీద బతికేవాళ్ళు ఎవరెవరు, వాళ్ళకు మీతో సంబంధమేమిటి అని అడిగారు. ఒక్కొక్కరికీ ఇంతని పన్ను తగ్గిస్తారట. ఎంత మర్యాద తెలిసిన సర్కారు అనుకున్నాను. దీనికి డాక్టరమ్మను అడగడమెందుకు? మధ్యాహ్నం ఆ ఇంటి వెనక వసారాలో విస్తళ్ళు లెక్కపెడితే సరిపోతుంది.

లెక్కపెట్టాను. వంటమామ, పెళ్ళాం, నలుగురు పిల్లలు. ముసలిదైపోయిన నర్సమ్మ. ఆపరేషన్‌కని వచ్చి ఇంటికి తిరిగి వెళ్ళడం మరిచిపోయిన ఇద్దరు అవ్వలు. తల్లి పోయిన కవల పిల్లలు, వాళ్ళను చూసుకునే ఆయా. బండి అమ్మేసినా అన్నం వేళకు తప్పకుండా వచ్చే జట్కా మామ. ఇంకా అలాంటివాళ్ళందరినీ కలిపితే మొత్తం ఇరవై ముగ్గురు తేలారు. ఆవును కూడా వెయ్యమన్నాడు వంటమామ. ఆవు సంపాదించి పెడుతుందే గానీ మన మీద బతకదని వాదించి తీసేశాను. (ఆ మాత్రం తెలివి నాకుండేది.) సంబంధం గడిలో ఏం రాయాలో తోచక, "ఈ ఇంట అన్నం తింటారు" అని ఇంగ్లీషులో కొట్టాను. ఇరవై మూడు సార్లు కొట్టాను, ఒక్క అక్షరం చెరపకుండా. సంతకం ఎక్కడ పెట్టాలో డాక్టరమ్మ వేలు పట్టుకుని చూపించాను. ఆమె నన్ను నమ్మి పెట్టేశారు.

నాలుగు నెలలకు పొడుగాటి కవరు వచ్చింది. పాస్‌పోర్టు ఇంకా రాలేదు. ఇంటివాళ్ళంతా వసారాలో చేరారు. నర్సమ్మ అప్పుడే ముక్కు చీదుతోంది. పైకి చదవమన్నారు డాక్టరమ్మ. చదివాను. ఈ ఇరవై ముగ్గురు ఎవరు, ఇంత పెద్ద కుటుంబం గురించి గత సంవత్సరాల్లో ఎందుకు చెప్పలేదు, అసలు అమెరికా పౌరులు కాకుండా పరదేశంలో ఉండేవాళ్ళను ఈ లెక్కలో చూపకూడదని సూచనల పుస్తకంలో ఉన్నదే, చూడలేదా అని రాశారు. ఆ సన్న అక్షరాల పేజీ నంబరు కూడా వేశారు. ఉత్తరం ఒళ్ళో పెట్టేసుకున్నాను. డాక్టరమ్మను ఓడెక్కించింది నేనే అనుకుని, తల పైకెత్తి నడిచే పిల్లను, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆమె నన్ను ఏడవనిచ్చి, కవరులో తిరిగొచ్చిన ఆ జాబితా చదవమన్నారు. ముక్కు తుడుచుకుని మొదలుపెట్టాను. ఒక్కో పేరుకూ ఆమె తలూపుతున్నారు. జట్కా మామ దగ్గర నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై మూడూ అయ్యాక కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"సర్కారుకు వేరే కాగితం కొట్టు అమ్మణ్ణీ. వాళ్ళ సట్టం వాళ్ళది, ఎంత కట్టాల్నో అంతా కడదాం," అన్నారు. "ఈ జాబితా మాత్రం నా దగ్గర ఉండనీ. ఇందులో తప్పుండాది, దిద్దాల."

తిరిగొచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది. నేను కొట్టిన పేజీలో తప్పా? ఆమె పెన్సిలు అడిగి తీసుకుని, కాగితం ముక్కుకు ఆనించుకుని, ఇరవై మూడో వరుస కింద తడుముకుంటూ పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాశారు: ఇరవై నాలుగు, అమ్మణ్ణి. సంబంధం గడిలో కూడా ఏదో రాసి నాకిచ్చారు. "కూతురు" అని ఉంది.

పన్ను అణాపైసలతో సహా కట్టేశారు. తర్వాత పాస్‌పోర్టు దాని మానాన అది వచ్చింది. దానికీ పన్నుకూ సంబంధమే లేదని అప్పుడు తెలిసింది. (వంటమామ మాత్రం తాను అలా అననే లేదన్నాడు.) డాక్టరమ్మ ఇంకా పదకొండేళ్ళు చిత్తూరులోనే ఉన్నారు, ఏటేటా సర్కారు కాగితం నా చేతనే నింపించారు. సన్న అక్షరాలతో సహా చదివి నింపాను.

ఇప్పుడు నేనూ పింఛనుదారునే. నా కాగితాలు నేనే నింపుకుంటాను, కళ్ళజోడు మీద భూతద్దం కూడా పెట్టుకుని. మొన్న మనవరాలు నా పెట్టె సర్దుతూ, చివరికి డాక్టరమ్మ నాకే ఇచ్చిపోయిన ఆ పాత జాబితా తీసి, ఇంత చక్కగా టైపు కొట్టి చివర ఈ పెన్సిలు గీతలేమిటి అవ్వా అని అడిగింది. తల కాస్త పైకెత్తే చెప్పాను, ఆ గుణం పోలేదు మరి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను కొట్టిన కాగితాల్లో ఒకరు దిద్దింది అదొక్కటే.