అమెరికా ఫారానికి పసుపు

ఆ రోజుల్లో అమెరికాలో చదువుకోవాలంటే ముందు కావలసింది తెలివి కాదు, ఓపిక. ఉత్తరం రాస్తే దరఖాస్తు ఫారం రావడానికి రెండు నెలలు, నింపి పంపితే జవాబుకు ఇంకెన్ని నెలలో దేవుడికే తెలియాలి. దేశదేశాల కుర్రాళ్లు అక్కడికి చదువుకు పోతున్నారనీ, వాళ్ల బాగోగులు చూడ్డానికే కాలేజీలో ఒక దొరసానిని పెట్టారనీ వినీ వినీ, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో చెరుకు రసం పరీక్షించే నాకూ ఆశ పుట్టింది. ఫారం ఒక్కటే వచ్చింది. పాడైతే ఇంకోటి తెప్పించే వ్యవధి లేదు. అందుకని ప్రతి మాటా ముందు చిత్తు కాగితం మీద రాసుకుని, ఊపిరి బిగబట్టి వారం రోజులు నింపాను.

ఎనిమిదో రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఫారం దేవుడి పటం ముందుంది, నాలుగు మూలలా తడి పసుపుతో. మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం) పెళ్లి పత్రికనైనా, పొలం కాగితాన్నైనా పసుపు పెట్టందే గడప దాటనిచ్చేది కాదు. "శుభమైన కాయితం బోసిగ పంపుతరా బిడ్డా?" అంది. వీడెవడో శుభ్రత తెలియనివాడు, ప్రయోగశాలలోకి ఎట్లా రానిస్తాం అనుకుంటారేమోనని భయం. అవ్వ అటు పోగానే తడిగుడ్డకు బట్టల సబ్బు రాసి రుద్దాను. నాలుగు మూలలూ కుంకుమ అద్దినట్టు ఎర్రబడ్డాయి. (సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. చదివిన చదువు అవసరం తీరాక గుర్తొచ్చింది.) నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపయింది గానీ కాగితం ముడుచుకుపోయింది. గడువు తరుముతోంది. చివరికి ఫారంతోపాటు ఒక చీటీ పెట్టాను, ప్రయోగశాలలో చిన్న ప్రమాదం జరిగి రసాయనం ఒలికింది, మన్నించగలరు అని. మా అవ్వ పసుపు పెట్టింది అని రాయడానికి నామోషీ అనిపించింది.

ఇక నాకు మనసు మనసులో లేదు. సీటు రాదేమోనని ఒక భయం, ఏమిటా ప్రమాదమని ఫ్యాక్టరీ పెద్ద సారునే అడుగుతారేమోనని ఇంకో భయం. పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినబడితే చాలు, కంచం ముందు నుంచి లేచి గుమ్మంలోకి పరుగెత్తేవాణ్ణి. తీరా కవరు వచ్చిననాడు నేను డ్యూటీలో ఉన్నాను. అవ్వ ఆగలేక పక్కింటి ఇంగ్లిష్ సారుతో విప్పించి చదివించింది. నేను ఇల్లు చేరేసరికి సీటొచ్చిందని సారు చెప్పాడు. అవ్వ మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది. ఉత్తరం అడుగున దొరసాని స్వయంగా రాసిందట, ప్రమాదంలో మీ చేతులకేమీ కాలేదు కదా, ఇక్కడ అందరం కంగారుపడ్డాం అని.

"ఏడ కాలింది బిడ్డా? నాకెందుకు చెప్పలే?"

సారు ముందే జరిగిందంతా ఒప్పుకున్నాను. సారు ఇంటి కప్పు వైపు చూశాడు. అవ్వ నా చెయ్యి వదలకుండానే అంది:

"దెబ్బ తగిల్తె పెట్టేది గూడ పసుపే గద బిడ్డా. గా మాట ఆమెకు రాయి. పాపం, రంధి పెట్టుకున్నది."

నేను రాయలేదు. చేతులు బాగానే ఉన్నాయని రాసి ఊరుకున్నాను. అక్కడ చదివిన రెండేళ్లూ ఆ దొరసాని నాతో చేయి కలిపిన ప్రతిసారీ వేళ్లు ఒకసారి తిప్పి చూసేది, అచ్చం మా అవ్వలాగే. అప్పుడైనా చెప్పాల్సింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది, వాడి తరఫున సిగ్గూ వేస్తుంది.