టక్‌వెల్ టోపీ

రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడాదైంది. విమానవాహక నౌక మీద ఇరవై ఏళ్లుగా మెకానిక్కుగా ఉన్న టక్‌వెల్‌కు ఒక అలవాటు. ఇంజను స్టార్టయ్యాక విమానం పక్కన నిలబడి, టోపీ తీసి, పైలట్ క్షేమంగా తిరిగి రావాలని ప్రభువును వేడుకునేవాడు. పాత విమానాలకైతే ముందు తిరిగే పంకా కనబడి మనిషి దూరంగా ఉండేవాడు. కొత్త జెట్‌కు ఆ పంకా ఉండదు. ఆ ఉదయం అది గాలి పీల్చే నోటి దగ్గరే టోపీ తీశాడు. జెట్ దాన్ని చేతిలోంచి లాక్కుని మింగేసింది. ఇంజను పాడై, జెట్‌ను నౌక మీంచి ఎగరేసి చూడాలని నెలలుగా ఎదురుచూసిన పరీక్ష ఆగిపోయింది.

“ఏం పెద్దాయనా, దానికి ఫలహారం పెట్టావా?” అని పక్కవాడు గొణిగాడు.

“ఎవడిదా టోపీ?” అని కమాండర్ అరిచాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో టక్‌వెల్ నోరు విప్పలేదు.

అంతా చూసిన పైలట్, లెఫ్టినెంట్ హాల్డేన్, “గాలికి ఎటునుంచో ఎగిరొచ్చిందండీ,” అన్నాడు.

అబద్ధమాడి ఎరగని మనిషి తన కోసం ఆడాడు. టక్‌వెల్ తల సిగ్గుతో వాలిపోయింది. అలాగే ముందుకు నడిచాడు.

“లెఫ్టినెంట్‌గారు సరిగా చూసుండరండీ. అది నాదే.”