పద్మలత కన్నీళ్లు

హన్మకొండ చౌరస్తా దగ్గర చీరల మ్యాచింగ్ సెంటర్ నడిపే పద్మలతకు కళ్లు తొందరగా చెమ్మగిలుతాయి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు జాకెట్ గుడ్డల కట్టకు ఫోన్ ఆనించి, జపాన్ బొమ్మల సీరియల్ పెట్టుకుంటుంది. అందులో ఒక పసివాడు ఎవరూ తోడు లేకుండా, ఒక ఇంట్లో ఒక్కడే బతుకుతుంటాడు. వాడు స్టూలెక్కి అన్నం వండుకుంటుంటే ఆమె కొంగు తడిసిపోతుంది. లైనింగ్ గుడ్డకు వచ్చినవాళ్లు, “ఏమైందక్కా, ఎవరన్నా పోయిన్రా?” అని కంగారుపడతారు.

ఒక ఆదివారం, రెండో తరగతి చదివే కూతురు హన్వికను పక్కన కూర్చోబెట్టుకుని అదే చూపించింది. “పాపం జూడు బిడ్డా, గింత పిలగాడు ఒక్కడే ఉంటాండు” అంటూ ముక్కు తుడుచుకుంది. హన్విక ఫోన్ మీంచి చూపు తిప్పకుండానే, “నేను గూడ బడి నుంచి వచ్చి ఒక్కదాన్నే ఉంటగదమ్మా. తాళం అందకపోతే బకెట్ బోర్లేసి ఎక్కుత” అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. రాత్రి దుకాణం కట్టేసి రాగానే గుమ్మంలో ఆ బకెట్ కనబడితే, “ఎక్కడియక్కడ పెట్టరాదా?” అని పద్మలత కసిరేది. అక్కడెందుకుందో ఒక్కనాడూ అడగలేదు.

“భయమైతదా బిడ్డా?” అంది.

“మొదట్ల అయ్యేది.”

పద్మలతకు ఏడుపు రాలేదు. బిడ్డ ముఖం చూడలేక తల దించుకుంది. మర్నాడు బడి విడిచే వేళకు, గిరాకీ నిలబడి ఉండగానే షట్టర్ దించేసింది.