చూడని చర్మానికి మందు రాయని డాక్టరమ్మ

మా పెద్ద డాక్టరమ్మ మిర్యాలగూడలో తన చెల్లెలి ఇంట్లో కన్నుమూశారని పోయిన వారం కబురు అందింది. సూర్యాపేట ఆడవాళ్ళ దవాఖానాలో నేను ఆమె దగ్గర చిన్న డాక్టరుగా పనిచేశాను. చర్మవ్యాధుల గురించి పుస్తకాల్లో చదువుకున్నాను గాని, చర్మాన్ని చూడడం ఆమె పక్కన నిలబడి నేర్చుకున్నాను.

చలికాలంలో రోగిని ముట్టుకునే ముందు ఆమె వేడినీళ్ళ గిన్నెలో చేతులు ముంచి తుడుచుకునేవారు. పరీక్ష గది కిటికీకి సగం వరకే తెర కట్టించారు. కింది సగం మరుగుకు, పై సగం వెలుతురుకు. సంత రోజున బస్సెక్కి కోదాడ వెళ్ళేవారు. అక్కడి స్త్రీలు చెప్పలేక తల దించుకుంటే, "సిగ్గు రోగం గాదమ్మా, రోగానికి కప్పిన దుప్పటి. జర తీయి," అనేవారు. వాళ్ళకు ముందు నవ్వు వచ్చేది, దాని వెనక మాట వచ్చేది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆడవారికి మరుగుచోట జబ్బు చేస్తే రోగి రాదు. ఇంటి పెద్దావిడ వచ్చి, బాధలన్నీ తనవేనని చెప్పి మందు పట్టుకుపోతుంది. నిజాం పాలన చివరి చలికాలంలో, చివ్వెంల వైపు గొర్రెలు కాసుకునే కుటుంబం నుంచి ఒక ముసలమ్మ అలాగే వచ్చింది.

"దురదమ్మా, సెప్పరాని తావుల. ఏదన్న మందియ్యి, పోత."

"దురద ఎవలకు?" అని డాక్టరమ్మ అడిగారు.

"నాకే."

"అట్లయితే గా బల్ల మీద పండుకో, సూస్త."

ముసలమ్మ కొంగు బిగించుకుంది. "నాకు గాదు తల్లీ, నా కోడలికి. బయట కూసున్నది. దగ్గరికి రానియ్యకు, అంటుకుంటది."

కోడలు నలభై దాటిన మనిషి. ఆ ఇంటివారికి బాగా తెలిసిన దురద గొర్రెల గజ్జి. గజ్జి పట్టిన గొర్రెను మందలోంచి వేరుచేసి, గంధకం నూరి నూనెలో కలిపి రుద్దుతారు. కోడలికీ అదే చేశారు. వేరే గుడిసె, వేరే కంచం, రోజూ గంధకం. మంట ఎక్కువైతే మందు పట్టిందనుకుని ఇంకా రుద్దారు. ఇంతలో కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అప్పుడు కూడా ఇంటివారు తల్లిని గడప దాటనివ్వలేదు.

డాక్టరమ్మ ముసలమ్మను బయట కూర్చోబెట్టి కోడలిని లోపలికి పిలిస్తే, ఆమె తన బాధ గురించి ఏమీ అడగలేదు. "నా బిడ్డ కాన్పుకొచ్చిందమ్మా. పుట్టేటోన్ని నేను ఎత్తుకోవచ్చునా, వద్దా? గదొక్కటి సెప్పు," అంది.

పై కిటికీ వెలుతురులో చూశాం. ముడతపడిన ఉల్లిపొరలా పలుచబడి, తెల్లగా మెరుస్తున్న చర్మం. అక్కడక్కడ చీలికలు, చర్మం కింద చిన్న నెత్తుటి మచ్చలు. డాక్టరమ్మ ఆమె వేళ్ళ సందులూ మణికట్లూ వెతికారు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని అడిగారు. తర్వాత కళ్ళు మూసుకోమని, తెల్లబారిన చోట దూదిపోగుతో తాకారు. తాకినప్పుడల్లా ఆమె "ఆఁ, తగిలింది," అంది.

"నీ సదువు ఏమంటది బిడ్డా?" అని డాక్టరమ్మ నావైపు తిరిగారు.

"లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు," అన్నాను. చర్మం తెల్లబారి పలుచబడే, అంటుకోని మొండి జబ్బు అది.

"కావచ్చు మంచి మాటనే. ఏది గాదో గూడ సెప్పు."

చెప్పాను. ఇంట్లో మరెవరికీ లేదు, వేళ్ళ సందుల్లో పురుగు జాడ లేదు కనుక గజ్జి కాదు. స్పర్శ ఉంది కనుక కుష్ఠు అనడానికి లేదు. బొల్లి అయితే రంగు పోతుంది గాని చర్మం ఇలా పలుచబడదు. సుఖరోగపు గుర్తులేవీ లేవు. డాక్టరమ్మ ఒక్కొక్కదానికీ తల ఊపి, అప్పుడు ముసలమ్మను లోపలికి పిలిచారు.

"గొర్రెకు మీరు జేసేది మంచిదే. ఈమె గొర్రె గాదు."

"గొర్రె నయం తల్లీ, సెప్పినట్టు ఇంటది," అంది ముసలమ్మ. కోడలికి నవ్వాగలేదు.

"ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. గంధకం బంద్, సబ్బు బంద్. ఈ లేపనం రాయాలె."

"ఖతం అయితదా?"

"కాదు. అణుగుతది. ఏడాదికోసారి నాకు సూపియ్యాలె. మానని పుండు పడితే ఆ రోజే రావాలె."

రోగిని ఓదార్చడానికి సైతం ఆమె అబద్ధం ఆడేవారు కాదు. అరుదుగానైనా అక్కడ రాచపుండు, అంటే క్యాన్సర్, పుట్టవచ్చని ఆమెకు తెలుసు. వాళ్ళు వెళ్ళాక నాతో, "దీన్ని గట్టిగ అదుపు జేసే మందు ఇంక మన చేతికి రాలే. వస్తది. అది వచ్చేదాంక వీళ్ళు మన దగ్గరికి వస్తనే ఉండాలె," అన్నారు. ఆ మాటకు ఇప్పటికి మూడేళ్ళు, ఆ మందు ఇంకా రాలేదు. వస్తుందని నేనూ నమ్ముతున్నాను.

కాన్పు అయిందని తెలిసి ఇద్దరం ఆ ఊరు వెళ్ళాం. మునిమనవడికి స్నానానికని ఒళ్ళంతా ఆముదం పట్టించి ముసలమ్మ చేతుల్లో పెట్టుకుని ఉంది. కోడలు గడప అవతలే నిలబడింది. డాక్టరమ్మ నేరుగా గడప దగ్గరికి వెళ్ళి, ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"నానమ్మా, అమ్మకియ్యి," అంది మంచం మీది బాలింత.

ముసలమ్మ ఆ రెండు చేతులనూ చాలాసేపు చూసింది. తర్వాత కోడలి మీద కసిరింది. "ఏందే గట్ల సూస్తవ్? నీళ్ళు సల్లారుతున్నయ్. కూసోని కాళ్ళు సాపు!"

ఆమె పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. కాళ్ళ మీద పడుకోబెట్టగానే పిల్లవాడు ఊరంతా వినబడేలా ఏడ్చాడు. అత్త చెంబుతో పోస్తుంటే కోడలు ఒక అరచేయి వాడి కళ్ళకు అడ్డుపెట్టి, రెండో చేత్తో వీపు రుద్దుతోంది. ఆవిరిలో ముగ్గురూ మసకగా కనిపిస్తున్నారు.