ముగ్గురికి సరిపోయే క్యారవాన్

ఆ రోజుల్లో, అంటే నాకు ముప్పై రెండేళ్ళప్పుడు, ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే ‘గ్రాండ్’ అనేదాన్ని. ఆ ఒక్క మాటతో ఎన్ని పనులు జరుగుతాయో ఐర్లండులో కాపురం చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. జ్వరమొచ్చినా గ్రాండే, ఇంటద్దె పెరిగినా గ్రాండే, మొగుడు పోయి ఏడు నెలలైనా గ్రాండే. అడిగినవాళ్ళు ‘హమ్మయ్య’ అనుకుని వాతావరణం గురించి మాట్లాడేవారు. వాతావరణం గురించి నేనూ బాగానే మాట్లాడేదాన్ని. అలాంటి రోజుల్లో, కారును సరిగ్గా వెనక్కి తీయడం కూడా రాని నేను, ఒక కుక్కనూ పిల్లినీ వెంటేసుకుని చిన్న క్యారవాన్ కోసం ఊళ్ళన్నీ తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు.

మాకు ముందు ఒక పెద్ద క్యారవాన్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఉండేది. మా ఆయన లీక్స్‌లిప్‌లో కంప్యూటరు చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. వారమంతా తెల్ల ముసుగేసుకుని, ధూళి పడకూడని గదుల్లో పనిచేసే మనిషికి, శనివారం వస్తే బురదలో నిలబడాలనిపించేది. అందుకని ఎవరి దగ్గరో పాతది, ఆరుగురు పడుకునేది కొన్నాడు. “ఉన్నది ఇద్దరం, ఆరుగురెందుకండీ?” అంటే, “మీ వాళ్ళు నలుగురూ వస్తే?” అనేవాడు (మా వాళ్ళు ఒక్కసారీ రాలేదు). ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంటి ముందు కారు పట్టడమే కష్టం కాబట్టి దాన్ని ఒక రైతు యార్డులో పెట్టాం. ఎక్కడికెళ్ళినా జీపు ఆయన నడిపేవాడు. చోటు చేరాక నేను దిగి, వానలో వెనక నిలబడి, మా ఒంగోలు బస్టాండులో విన్నట్టుగా “రానీయ్ రానీయ్ రానీయ్... హోల్డాన్!” అని అరిచి, క్యారవాన్ ఒంటిమీద దబదబా చరిచేదాన్ని. డ్రైవరు ఆయన, క్లీనరు నేను. పక్క బండ్లవాళ్ళు కుర్చీలు వేసుకుని మరీ చూసేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఆఫీసుకు బయల్దేరి మెట్ల మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. ముప్పై ఆరేళ్ళు. ఒక కాలికి లేసు కట్టి ఉంది, రెండోది లేదు. ఇంతకన్నా ఆ రోజు గురించి నాకు చెప్పడం రాదు.

మిగిలింది నేనూ, బుల్లెట్టూ, పంతులమ్మా. బుల్లెట్ పందాల్లోంచి రిటైరైన గ్రేహౌండ్. వాడు పరిగెత్తిన పందాలన్నిట్లో చివర వచ్చాడని తెలిసి, జాలిపడి మా ఆయన తెచ్చాడు, ఆ పేరూ ఆయనే పెట్టాడు. రోజుకు ఇరవై గంటలు నిద్ర, రెండు గంటలు తిండి గురించి ఆలోచన. పంతులమ్మ బూడిదరంగు పిల్లి. ఏ తప్పు చేసినా వంటింటి గట్టు మీద కూర్చుని కళ్ళజోడులోంచి చూసినట్టు చూస్తుంది. వాళ్ళిద్దరూ రోజూ సాయంత్రం ఆరింటికి తలుపు దగ్గర కూర్చునేవాళ్ళు. ఆరున్నరకు నేనే వెళ్ళి, “ఇంక లేవండర్రా,” అనేదాన్ని.

సెప్టెంబరులో యార్డు రైతు ఫోన్ చేశాడు. బండి కదలకుండా ఉంటే చెమ్మ పట్టి కుళ్ళిపోతుంది, వాడితే వాడు, లేకపోతే ఎవరికన్నా ఇచ్చెయ్యి అని మర్యాదగానే చెప్పాడు. నాకు పౌరుషం వచ్చింది. నా లైసెన్సుకు ఆ బరువు లాగే అర్హత లేదు కాబట్టి రోడ్డెక్కను, యార్డులోనే గేటు దాకా లాగి చూస్తాను అన్నాను. లాగాను. గేటు దగ్గర తిరగబోతే కుదరలేదు, వెనక్కి వద్దామని చూస్తే జీపు ఒక వైపుకూ క్యారవాన్ ఒక వైపుకూ మడతపడి గేటు స్తంభానికి ఆనుకున్నాయి. ముందుకు రాదు, వెనక్కి పోదు. గేటు అవతల గడ్డి మోపులతో ఒక ట్రాక్టరు, దాని వెనక ఇంకోటి, దాని వెనక పాల లారీ. బుల్లెట్ వెనక సీట్లో నిద్రపోతున్నాడు. నేను కిటికీ దించి అందరికీ తెలుగులో క్షమాపణలు చెప్పాను. కంగారులో ఇంగ్లీషు రాలేదు. రైతు వచ్చి, నన్ను పక్క సీట్లోకి జరగమని, రెండు నిమిషాల్లో సర్దేసి, “ఏం ఫర్వాలేదు. నీకు ఇంతకన్నా చిన్నది కావాలి, అంతే,” అన్నాడు. ఆ పెద్ద క్యారవాన్‌ను ముగ్గురు పిల్లలున్న కిల్డేర్ జంట జీపుతో సహా కొనుక్కుంది. పిల్లలు ఎక్కీ ఎక్కగానే పరుపుల మీద గెంతారు. అది వాళ్ళదే అనిపించింది నాకు.

చిన్నదాని వేటకు మొదట తోడొచ్చింది మా పక్కింటి కరీంనగర్ అక్క. ఆవిడకు కుక్కంటే భయం, పిల్లంటే అనుమానం, నన్ను ఒంటరిగా పంపడమంటే ఈ రెంటికన్నా ఎక్కువ భయం. కారు ముందు సీట్లో కొంగు ఒళ్ళోకి లాక్కుని కూర్చుని, మెడ మీద బుల్లెట్ ఊపిరి తగిలినప్పుడల్లా “అవ్వా!” అనేది. మేం వెళ్ళింది ఊరవతల క్యారవాన్లు అమ్మే ఒక పెద్ద షెడ్డుకు. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, నాతో చేయి కలిపి, నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తొంగిచూశాడు.

“హిమ్‌సెల్ఫ్ కూడా వస్తున్నారా చూడటానికి?” అన్నాడు. ఇక్కడివాళ్ళు ఇంటాయన్ని అలా అంటారు.

“రావడం లేదండీ,” అన్నాను.

“అయితే ఆయన తీరిక చూసుకుని ఇంకో రోజు...”

“ఆయనకు తీరికే,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

అతను పాపం అర్థంకాక కాగితం తీసి, ఎంతమంది పడుకుంటారని అడిగాడు. ముగ్గురం అన్నాను. రెండేళ్ళు దాటిన పిల్లలకు చిన్న మంచం ఉన్నవి చూపించాడు. పిల్లలు కాదు, ఒక గ్రేహౌండూ ఒక పిల్లీ అనేసరికి పెన్ను మూశాడు. ఈలోగా బుల్లెట్ మధ్యలో ఉన్న, అన్నిటికన్నా ఖరీదైన క్యారవాన్ ఎక్కి, పాలరంగు పరుపు మీద మూడు చుట్లు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే రాడు, లాగితే సాగుతాడు. కుర్రాడు ముందు కాళ్ళూ నేను వెనక కాళ్ళూ పట్టుకుని దించుతుంటే అక్క బయట నిలబడి నాకు తెలుగులో బుద్ధులు చెప్పింది. “గంత పెద్ద కుక్కతోని గింత డబ్బాల ఎట్ల పండుకుంటవే? ఇల్లున్నది, మంచమున్నది. ఏడికి పోతవ్ ఒక్కదానివి? మనసు మంచిగ లేకుంటే మా ఇంటికి రా, నాలుగు దినాలుండు.”

“లైసెన్సు అక్కా. బరువు తక్కువైతేనే లాగగలను,” అన్నాను.

“నేనడిగింది లైసెన్సు గురించా?” అంది అక్క.

తరువాత ఫోన్లో ప్రకటనలు చూసి నలుగురైదుగురికి ఫోన్ చేశాను. ‘జంతువులు తిరగని బండి’ అని గొప్పగా రాసుకున్నవాళ్ళు నా పరివారం పేరు చెప్పగానే అమ్మేశామనేవాళ్ళు. చివరికి ములింగార్ అవతల నుంచి ఒక పెద్దాయన మాత్రం, “కుక్కా? తీసుకురా. పిల్లా? అదీ రానీ,” అన్నాడు. అక్కకు డ్యూటీ ఉండటంతో ఆదివారం నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఆయనకు డెబ్భై దాటాయి. (ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆ వెస్ట్‌మీత్ యాసలో సగం నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కానప్పుడల్లా తలూపాను.) ఇంటి పక్కన గడ్డిలో చిన్న క్యారవాన్, ఇద్దరు పడుకునేది, కోడిగుడ్డు రంగు. లోపల మడత బల్ల, రెండు మంటల పొయ్యి, నడుమెత్తు ప్రెస్సులు (ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. మొదటి ఏడాది ఎవరన్నా ‘ప్రెస్‌లో పెట్టు’ అంటే ఇస్త్రీకి ఇవ్వమంటున్నారనుకున్నాను). కర్టెన్లు చేత్తో కుట్టినవి. మా ఆవిడ కుట్టింది అన్నాడు. ఆవిడ పోయి రెండేళ్ళయిందట.

“మీరు నడపలేక అమ్ముతున్నారా?” అని అడిగాను.

“నడపగలను. మ్యాప్ గురించి పోట్లాడటానికి మనిషి లేదు,” అన్నాడు.

నవ్వాను. ఆ నవ్వుతోనే పంతులమ్మ బుట్ట మూత తెరిచాను, అదే తప్పయింది. మెడపట్టీలోంచి జారి, క్యారవాన్లోకి దూకి, మంచం కింద పెట్టె సందులో మాయమైంది. నేను పరుపు ఎత్తి, పెట్టెలోకి తల దూర్చి, “పంతులమ్మా, రావే, మా అమ్మ కదూ” అని మొదలుపెట్టాను. పెద్దాయన టీ పెడతానని ఇంట్లోకెళ్ళాడు. పెట్టెలో చీకటి, పాత చెక్క వాసన, ఎక్కడో గొట్టాల వెనక ఏదో కదిలిన చప్పుడు. పిలిచి పిలిచి గొంతు పోయింది. నా తలా భుజాలూ మంచం పెట్టెలో, మిగతా నేను బయట. అక్క ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టాను. “పిల్లి యాడికి పోతది? ఆకలైతే అదే వస్తది. నువ్వు తిన్నవా?” అంది. తిన్నానక్కా అని ఫోను పెట్టేశాను. తినలేదు.

అక్కడొచ్చింది ఏడుపు. ఎందుకో, ఆ పెట్టెలోనే. అంత్యక్రియల రోజున రానిది, అందరూ ఏడవమ్మా ఏడవమ్మా అని వీపు నిమిరినప్పుడు రానిది, ఎవరికీ నా మొహం కనబడని చోటు దొరికేసరికి కట్ట తెగినట్టు వచ్చింది. చిన్నగా మొదలై పెద్దదైంది. చెక్క పెట్టెలో గొంతు ఇంకా గట్టిగా మోగింది. నాకే భయమేసింది.

బయట గడ్డిలో కుర్చీ లాగిన చప్పుడయింది. పెద్దాయన అడిగాడు: “ఆ ఏడ్చేది పిల్లేనా?”

నేను ముక్కు తుడుచుకుని, పెట్టెలోంచే, “అవునండీ, పిల్లే,” అన్నాను.

“పాపం,” అన్నాడు. కప్పు కింద పెట్టిన చప్పుడయింది. “తొందరేం లేదని చెప్పు దానికి. టీ మళ్ళీ వేడి చేసుకోవచ్చు,” అన్నాడు.

నేను మళ్ళీ ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. పూర్తయ్యాక, ఇంక రాదని నిశ్చయమయ్యాక, తల బయటికి తీసి, బూజు దులుపుకుని గుమ్మంలోకి వచ్చాను. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాదాల దగ్గర బుల్లెట్. ఒళ్ళో, ఆయన చేతిలోని హామ్ ముక్క తింటూ, పంతులమ్మ.

“ఇది ఎప్పుడొచ్చింది?” అన్నాను.

“కాసేపైంది,” అన్నాడు ఎటో చూస్తూ. “మంచం కింద గొట్టం పోయే చోట నేలకు చిల్లుంది. ఆ సంగతి నీకు చెబుదామనే అనుకుంటున్నాను, బండి కొనేదానివి కదా.”

ఆయన ‘పిల్లేనా’ అని అడిగినప్పుడు పిల్లి ఆయన ఒళ్ళోనే ఉంది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆయన టీ కప్పు అందించి, చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు. ఆ తరువాత ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

టీ అయ్యాక, వెనక్కి తీయడం వచ్చా అన్నాడు. వెనక నిలబడి కేకలేయడం వచ్చు అన్నాను. “మా ఆవిడకూ అంతే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు,” అని తన పాత కారుకు క్యారవాన్ తగిలించి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్కనే ఉన్న పొలంలోకి పంపాడు. “చెయ్యి స్టీరింగు కింది అంచు మీద పెట్టు. బండి వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరుపు. వేరే ఏమీ ఆలోచించకు.” ఏడుసార్లు మడతపడింది. ఎనిమిదోసారి వంకరగానే అయినా గేటులోంచి లోపలికి పోయింది. అద్దంలో చూస్తే ఆయన గడ్డిలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. దూరం వల్ల ఏమంటున్నాడో వినబడలేదు. ఇంజను ఆపి కాసేపు అద్దంలోకే చూస్తూ కూర్చున్నాను.

వారం తరువాత నా కారుకు వెనక బండి తగిలించే టో బార్ వేయించుకుని వెళ్ళి క్యారవాన్ తెచ్చుకున్నాను. చిల్లుకు ఆయనే రేకు కొట్టించి ఉంచాడు. కర్టెన్లు విప్పి ఇవ్వబోతే, “వద్దు, అవి ఆ కిటికీలకే సరిపోతాయి,” అన్నాడు. ఆడమ్స్‌టౌన్‌లో కరీంనగర్ అక్క నాలుగు చక్రాల కిందా పెట్టాలని నాలుగు నిమ్మకాయలు తెచ్చి, క్యారవాన్‌వి రెండే చక్రాలని తెలిసి, మిగిలిన రెండూ కారు కింద పెట్టింది. తిడుతూనే పచ్చడి సీసా ఇచ్చింది.

ఎందుకంత చిన్నది కొన్నావని అడిగిన ప్రతివాళ్ళకూ లైసెన్సు, బరువు, చిన్న కారు అని చెప్పాను. అవన్నీ నిజమే. చెప్పనిది ఇంకొకటుంది. పెద్దదాన్ని ఇచ్చెయ్యడానికి ముందు సామాను తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఒక గంట లోపల కూర్చున్నాను. ఎటు చూసినా చోటే. ఆ చోటంతటితో నేనేం చెయ్యాలో తెలియలేదు. గోడ నుంచి గోడకు చెయ్యి అందేంత బండి అయితే తట్టుకోగలననిపించింది.

మొదటిసారి మాయో వైపు, పడమటి సముద్రం పక్కకు వెళ్ళాను. దారంతా మెల్లగా, నా వెనక ఊరేగింపులా బండ్లు. చేరేసరికి వాన. తాళ్ళు కట్టి, బండి కదలకుండా ఇనుప కాళ్ళు దించి, గ్యాసు వెలిగించి, అన్నం వండి, ముగ్గురం తిని పడుకున్నాం. తెల్లవారి కళ్ళు తెరిస్తే నేను నేల మీద, బల్ల కింద ఉన్నాను. మంచం మీద బుల్లెట్ నాలుగు కాళ్ళూ చాచి, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఉన్నాడు. వాడి కడుపు మీద పంతులమ్మ. “జరగరా,” అన్నాను. ఒక కన్ను తెరిచి చూసి మూసుకున్నాడు. మంచం మీద వేలెడంత జాగా లేదు. నేను దుప్పటి కొస లాక్కుని, వాడి తోక కింద తల పెట్టుకుని, అలాగే చాలాసేపు పడుకుండిపోయాను. బయట వాన వెలిసింది.

ఇన్నేళ్ళయ్యాక ఆ నేల మీద పడుకున్న మనిషి గుర్తొస్తూ ఉంటుంది. నడుం పట్టేసి ఉంటుంది, జుట్టులో కుక్క బొచ్చు. దేశానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కతే బండి లాక్కొచ్చింది గానీ, కుక్కను పక్కకు జరపడానికి మనసొప్పలేదు. పిచ్చిది.