ముందు సీటు పని

పటాన్‌చెరులో బొల్లారం వెళ్లే షేర్ జీపెక్కి, ముందు సీటు దొరికిందని సంబరపడ్డాను. కాకినాడ నుంచి ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ణి, చొక్కా నలగకూడదు.

జీపు కదిలాక డ్రైవర్ చెప్పాడు. "సార్, డైనమో పాడైంది, బ్యాటరీ చార్జ్ అయితలేదు. ఇంజన్ బందైతే మల్ల స్టార్ట్ చేసెతందుకు జెరంత కరెంటు దాచిన. హారన్ కొట్టేది లేదు. ముందట కూసున్నోళ్లే ఒర్రాలె."

ఒర్రడమంటే అరవడం. జోకనుకున్నాను, కానీ వెనక ఎవరూ నవ్వలేదు.

దారిలో ఏదో కంపెనీ గేటు దగ్గర షిఫ్టు వదిలారు. రోడ్డంతా సైకిళ్లు, ఎదురుగా కెమికల్ ట్యాంకర్. మా ముందున్న సైకిలాయన వెనక్కి చూడకుండా రోడ్డు మధ్యకు వస్తున్నాడు. గట్టిగా బ్రేకేస్తే ఇంజన్ ఆగుతుందని డ్రైవర్ భయం.

"ఒర్రుండ్రి సార్!"

నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు.

"జరుగు! జరుగు!" నా చెవి పక్కనే కేక. సైకిలాయన ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు. అరిచింది నా వెనక కూర్చున్న పెద్దావిడ.

తర్వాతి స్టాపులో ఆమె దిగి నా పక్కకు వచ్చింది. "ఎన్కకు పో బిడ్డా. గిది ఉత్తగ కూసునే సీటు గాదు."

బొల్లారం దాకా ఆమె అరుస్తూనే ఉంది. ఆమె నా చేతికిచ్చిన టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. చారు కారి చొక్కా తడిసింది. అప్పుడూ నోరెత్తలేదు.