పేజీ అడుగున చిన్నక్షరాలు

బైండింగు అక్క కొట్టుకి ఆసుపత్రి కాగితాల కట్టతో వచ్చినవాళ్లు ముందు తిట్లు తిని తీరాలి. "ఇదేంటి, చిత్తుకాగితాల మూటా? రక్తపరీక్ష కింద ఎక్సరే, ఎక్సరే కింద కరెంటు బిల్లు! రేపు డాక్టరు అడిగితే ఏం చూపిస్తావు, నీ మొహమా?" అని కసురుతూనే కాగితాలన్నీ తేదీల వారీగా పేర్చి, అంకెలు వేసి, దారంతో కుట్టి, గట్టి అట్ట వేసి ఇస్తుంది. మొదటి పేజీలో ఒంటికి పడని మందుల పేర్లు ఎర్ర సిరాతో రాస్తుంది. "అసలు కాగితం చచ్చినా ఎవరి చేతికీ ఇవ్వకు. జిరాక్సు ఇయ్యి. ముట్టిందని సంతకం పెట్టించుకో" అంటుంది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమెకి వేళాకోళం ఉండదు.

ఎందుకుంటుంది? అసలు కాగితం చేతులారా ఇచ్చి బుగ్గైపోయింది తనే కదా!

ఆమె మొగుడు మోటారు మెకానిక్. ఇంజిను మూత ఎత్తకుండానే, చెవి ఒగ్గి విని రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. రెండేళ్ల కిందట మార్చిలో జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. అంతకు చాలా ముందే ఒక ఇంజెక్షన్ పడక చెవుల్లో హోరు పుడితే, అప్పటి డాక్టరు "ఈ మందు మళ్లీ ఇవ్వొద్దు, చెవులు పోతాయి" అని చీటీ రాసిచ్చాడు. అక్క ఆ చీటీని పెద్ద డాక్టరు చేతిలోనే పెట్టింది. ఆయన చూశాడు, తలూపాడు, ఫైల్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని, అదే మందు అయిదు రోజులు పొడిపించాడు. ఆరో రోజుకి మెకానిక్‌కి పెళ్లాం పిలుపు కూడా వినపడలేదు.

"చీటీయా? ఏ చీటీ? నాకెవరూ చూపించలేదే!" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ ముక్కే కాగితం మీద రాసి మెకానిక్‌కి చూపించాడు కూడా. అక్కడే అక్క కొంప మునిగింది. మొగుడు డాక్టర్నే నమ్మాడు. ఆనాటి నుంచి గిన్నె జారినా, తాళం కనపడకపోయినా ఒకటే దెప్పు: "చీటీయే మర్చిపోయినదానివి, నీకిదో లెక్కా!" ఆమె పలక మీద ఎన్నిసార్లు నిజం రాసిచ్చినా అరచేత్తో తుడిచేసేవాడు.

అక్క ఏడవలేదు. పళ్లు నూరింది. 'ఒరేయ్ డాక్టరూ, నీ చేతే నిజం కక్కిస్తా' అనుకుంది.

కేసు షీటు నకలు కావాలని రికార్డుల గదిలో అర్జీ పెట్టింది. గుమస్తా "రేపు రామ్మా" అన్నాడు. రేపు వెళ్తే సంతకం కావాలన్నాడు, సంతకం తెస్తే సారు సెలవన్నాడు. అలా చెప్పులరిగేలా తిప్పాడు. పదకొండోసారి ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా చతికిలబడి, "అన్నం డబ్బా తెచ్చుకున్నా బాబూ, నాకేం తొందర లేదు" అంది. గుమస్తా తల పట్టుకుని లేచి, పద్నాలుగు పేజీలూ నకలు తీసి ఆమె మొహాన పడేశాడు.

మూడో పేజీలో పెద్ద డాక్టరు రాత ఉంది: "పడని మందులు ఏవీ లేవని భార్య చెప్పింది." అక్కకి ఒళ్లు మండిపోయింది. "భార్య చెప్పిందా! నీ నోట మన్ను పడ!" అని కొట్టులో ఒక్కతే అరిచింది.

అలవాటు కొద్దీ ఆమె చూపు పేజీ అడుక్కి పోయింది. ఫారాలు అచ్చువేసే ప్రెస్సువాళ్లు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఆర్డరు నంబరు, అచ్చయిన నెల, ఏడాది వేస్తారు. ఆ ఫారాలు కుట్టేవాళ్లకి తప్ప అవి ఎవరి కంటా పడవు. మిగతా పేజీలన్నిటి కిందా జనవరి అని ఉంది. మూడో పేజీ కింద మాత్రం అదే ఏడాది ఆగస్టు! మార్చి తేదీతో రాసిన కాగితం ఆగస్టులో గానీ పుట్టలేదన్నమాట.

మర్నాడు పదింటికి పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది. బయట బెంచీల నిండా జనం. తలుపు కావాలనే వేయలేదు.

"సార్, ఈ పేజీ మార్చిలో రాశారు కదూ?"

"తేదీ ఉంది కదమ్మా, చదవడం రాదా?"

"వచ్చు సార్. మీరు చదవని చోటు కూడా చదివాను" అని అడుగున వేలు పెట్టి చూపించింది.

ఆయన వంగి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తనే లేచి వెళ్లి తలుపు మూశాడు.

"ఏం కావాలి నీకు?"

"నిజం. నేను చీటీ ఇచ్చానని, చూసి కూడా మీరు ఆ మందే పొడిపించారని, తర్వాత పేజీ మార్చారని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. లేదంటే ఇప్పుడే ఇది బెంచీ బెంచీకీ చూపిస్తా."

బతిమాలాడు, బెదిరించాడు, చివరికి రాశాడు. "ఇంతటితో వదిలేస్తావుగా?" అన్నాడు.

"వదిలేస్తానని నేనెప్పుడన్నాను? ఆ పేజీ నకలు పొద్దున్నే వైద్యమండలికి పోస్టు చేసొచ్చా. మధ్యాహ్నం ఇది కూడా పంపిస్తా."

పెద్ద డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహాన్ని అక్క తనివితీరా చూసింది. రెండేళ్లకి ఆ పూట ఆమె ప్రాణం హాయిగా ఉంది.

నాలుగు నకళ్లు తీయించి, అసలుది మొగుడి ముందు పెట్టింది. అతను మూడుసార్లు చదివాడు.

"తప్పు నాదేనే. రెండేళ్లు నిన్ను కాల్చుకు తిన్నాను. నన్ను క్షమించవే" అన్నాడు, తన గొంతు తనకే వినపడక కాస్త గట్టిగా.

అక్క అతనికి పెదాలు కనపడకుండా గోడ వైపు తిరిగింది. "చస్తే క్షమించను" అంది. ఇంకోసారి, ఇంకా స్పష్టంగా అంది.

"ఏమన్నావే?" అని అడిగాడు వెనక నుంచి, ఆమె దవడ కదలడం చూసి.

ఆమె ఇటు తిరిగి, పలక అందుకుని, 'అన్నం తిందువు గాని రా' అని రాసి చూపించింది.